పిన్‌కోడు లేని గట్టు

సైరన్ ఆగేసరికి భ్రమరాంబ చప్టా మీద బోర్లా పడి ఉంది. పడ్డానన్న సంగతి ఆమెకు వెంటనే తెలియలేదు. మురుక్కాలవ నెత్తి మీదికి లేచింది, ఆకాశం కాళ్ల కిందికి జారిపోయింది. చేతికందిన సిమెంటు దిమ్మను కావిలించుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. పొద్దున తాగిన కాఫీ బయటికొచ్చాక, మోకాళ్ల మీద పాకుతూ మూడడుగులు వెనక్కి జరిగింది. అంతే, లోకం సర్దుకుంది. లేచి మళ్లీ ఒక్కడుగు ముందుకేసి చూసింది. మళ్లీ అదే తిరుగుడు.

చప్టా దాటితే రెండు వీధుల అవతల ఆమె ఇల్లు. భర్త శేషగిరి ఈపాటికి పాలు కాస్తూ ఉంటాడు. పదకొండేళ్ల కూతురు హైమ ఇంకా లేచి ఉండదు. అరగంటలో వచ్చేస్తానని చెప్పి సైకిలు తీసుకుని బయల్దేరింది తను. ఆ సైకిలు చప్టాకి అవతలి కొసన స్టాండు వేసి నిలబడి ఉంది.

“గింజ ఊరుకోదండి టీచరుగోరూ. ఇలా వచ్చి కూకోండి,” అంది వెనకనుంచి నూకరత్నం. చప్టా పక్క ఇల్లు ఆమెదే. “మా ఆయనా బల్లకట్టు మీద అవతలికి ఎల్లబోయి ఇలాగే పడ్డాడు. అటూ పోనీదు, ఇటూ పోనీదు. ఇదేం కట్టడండీ?”

ఇదేం కట్టడో భ్రమరాంబకు బాగానే తెలుసు. ఆ గీతలు గీసింది ఆమే.

చెవిగింజ గురించి ఇప్పుడు తెలియనివాళ్లు లేరు. బియ్యపు గింజంత ఉంటుంది, చెవి వెనక ఎముకలో పెడతారు. డాక్టర్ ప్రసన్నకుమార్ దాన్ని కళ్లు తిరిగే జబ్బున్న ముసలివాళ్ల కోసం తయారుచేశాడు. తూలేవాళ్లను అది నిలబెట్టింది. నిలబెట్టగలిగింది పడగొట్టనూ గలదని ఊపిరిజ్వరం మూడోసారి వచ్చిన ఏడాది పెద్దలకు తోచింది. లాఠీలూ ముళ్లకంచెలూ పెట్టి రెండుసార్లు జనాన్ని ఆపలేకపోయారు కదా. అందరికీ గింజలు పెట్టారు. కట్టడి మొదలైన నిమిషంలో మనిషి ఏ పిన్‌కోడులో ఉంటే గింజ దాన్నే ఇల్లుగా పట్టుకుంటుంది. ఆ హద్దు దాటితే లోకాన్ని గిర్రున తిప్పేస్తుంది. దాటి బయట ఉన్నంతసేపూ తిప్పుతూనే ఉంటుంది.

అయితే హద్దు ఎక్కడుంది? తీరా చూస్తే పోస్టాఫీసుల జాబితా ఉంది గానీ, ఏ పిన్‌కోడు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గీసిన పటం లేదు. ఆ హద్దులు పోస్టుమాన్ల కాళ్లలో ఉన్నాయి. వాటిని కాగితం మీదికి దించింది ప్రజాపటం వాళ్లు. అది ఎవరైనా గీయగలిగే, ఎవరైనా దిద్దగలిగే పటం. హైస్కూల్లో సోషల్ చెప్పే భ్రమరాంబ లాంటివాళ్లు సెలవు రోజుల్లో పోస్టుమాన్ల వెంట నడిచి, ఫోనులో దారి నమోదు చేసి, గీతలు గీశారు. వాళ్ల నియమం ఒక్కటే: కాళ్లతో నడవనిదీ, కళ్లతో చూడనిదీ గీయకూడదు.

ఈ గట్టుకి పడమట పెద్దకాలవ, తూర్పున మురుక్కాలవ. మధ్యలో కిలోమీటరు పొడవున సన్నటి మట్టికట్ట, దాని మీద పద్నాలుగు ఇళ్లు. పడమటి ఊరి పిన్‌కోడు చివరి అంకెలు ముప్పై నాలుగు, తూర్పు ఊరివి ముప్పై అయిదు. భ్రమరాంబ ముప్పై నాలుగు పోస్టుమాను వెంట నడిచింది. అతను పెద్దకాలవ ఒడ్డున ఆగి, “ఇక్కడికి అయిపోయిందండి నా బీటు,” అన్నాడు. మరో ఆదివారం శేషగిరి ముప్పై అయిదు పోస్టుమాను వెంట నడిచాడు. అతను మురుక్కాలవ ఒడ్డున ఆగాడు. గట్టు మీదివాళ్ల ఉత్తరాలు ఇద్దరూ బల్లకట్టు గంగరాజు చేతిలో పెట్టి వెళ్లిపోతారు. బల్లకట్టు నడిపేవాడు ఎలాగూ ఇంటికి వెళతాడు, పోతూ పోతూ ఇచ్చేస్తాడు. ఇరవయ్యేళ్లుగా అలాగే జరుగుతోంది. నూకరత్నం మొగుడే ఆ గంగరాజు.

రెండు గీతలూ కాలవల మధ్యగా పటంలో పెట్టిన రోజు, ఇక్కడ ఖాళీ మిగిలిందని కంప్యూటరు ఎర్రగా చూపించింది. భ్రమరాంబ అక్కడ ఒక ముక్క రాసింది: ‘ఏ పోస్టుమాను బీటులోనూ లేదు. తర్వాత చూడాలి.’ రాసి ఆ హెచ్చరికను మూసేసింది. అబద్ధం గీయలేదన్న తృప్తి కూడా పడింది. ఆ తర్వాత గింజలు చేసే లాబరేటరీ వాళ్లు తమ పటాన్ని తీసుకుంటున్నారని తెలిసి, స్కూల్లో లడ్డూలు పంచింది.

ఆ రోజు లాబరేటరీకి కూడా పిలిచారు. వరండా నేల మీద సుద్దముక్కతో గీత గీసి ప్రసన్నకుమార్ తనే ముందు దాటాడు. దాటీ దాటగానే గోడకి తగిలి కూలబడి, మూతి తుడుచుకుంటూ నవ్వాడు. “పనిచేస్తోందండీ,” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, భ్రమరాంబ కూడా కొట్టింది.

సోమవారం పొద్దున ఆరింటికి కట్టడి మొదలవుతుందని ప్రకటన వచ్చాక, ఆదివారం సాయంత్రం పటం తెరిస్తే ఆ ఖాళీ కనబడింది. తెల్లవారీ వారకముందే గట్టు మీదికి వచ్చి ఇంటింటికీ తిరిగి, మీది ఏ పోస్టాఫీసని అడిగింది. ఎనిమిది ఇళ్లవాళ్లు ముప్పై నాలుగన్నారు. ఆరిళ్లవాళ్లు ముప్పై అయిదన్నారు. ప్రతివాళ్లూ పెట్టెలు దించి కార్డులు తీసి చూపిస్తుంటే, కాదని లేచి రాలేకపోయింది. ఈలోగా సైరన్ మోగింది, గట్టు మీద ఉన్నవాళ్లందరి గింజలూ ఆ ఖాళీనే ఇల్లుగా పట్టుకున్నాయి.

*

నూకరత్నం ఇంటి అరుగే ఆమెకు ఇల్లయింది. తిండికి లోటు లేదు. గింజలు మనుషుల్ని ఆపుతాయి గానీ బుట్టల్ని ఆపవు. చప్టా మీద అవతలివాళ్లు పెట్టి పోయిన బుట్టను కర్రకొక్కెంతో లాక్కుంటారు. అందులో హైమ చీటీలు వచ్చేవి. సాయంత్రం అయిదింటికి హైమ చప్టా అవతలి కొసన సైకిలు మీద చెయ్యేసి నిలబడేది. మధ్యన ముప్పై గజాలు. చూసుకుంటూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు.

ఉక్కిరిబిక్కిరి చేసింది గంగరాజు సంగతి. మనిషికి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు ముప్పై నాలుగులో ఉన్న ఆసుపత్రికి వెళ్లి రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఆఖరిసారి వెళ్లింది కట్టడికి ముందు శనివారం. మంగళవారానికి పాదాలు పొంగాయి. నూకరత్నం నీళ్లబిందె కొంగు కప్పి దాచేసింది, రోజుకి గ్లాసెడు నీళ్లే కొలిచి ఇస్తోంది.

డాక్టరు గట్టు మీదికి రావాలంటే పాసు కావాలి, పాసులో ఉన్న పిన్‌కోడులో మాత్రం గింజ తిప్పదు. పాసు ఫారంలో వెళ్లే చోటు పిన్‌కోడు నింపందే ముందుకు పోదు. భ్రమరాంబ ముప్పై నాలుగని కొట్టింది. ‘ఈ చోటు ఈ పిన్‌కోడులో లేదు’ అంది. ముప్పై అయిదని కొట్టింది. మళ్లీ అదే మాట. రోగిని బయటికి తేవడానికీ అదే ఫారం.

ప్రసన్నకుమార్‌కి ఫోన్ చేసింది.

“మీరు తయారుచేసిందే కదండీ. ఈ పదిహేనిళ్ల గింజలు కాసేపు ఆపలేరా?”

“ఇందాక పద్నాలుగిళ్లన్నారు.”

“నేనూ ఉన్నాను కదండీ.”

“ఆపలేనమ్మా. ఆపే తాళం ఒకటుంటే మొదటి రోజే మంత్రిగారి బావమరిది వచ్చి అడుగుతాడు. అందుకని తాళమే పెట్టలేదు. నా చేతులు కూడా నేనే కట్టేసుకున్నాను. కోసి తీయిస్తే ఆ మనిషి మళ్లీ జన్మలో నిటారుగా నడవడు. మూడు రోజులకొకసారి పొద్దున ఆరింటికి గింజలన్నీ మీ పటం కొత్త నకలు తీసుకుంటాయి. ఆ నిమిషానికి పటంలో గీత ఎలా ఉంటే అలా. మీరు గీత దిద్దండి, మిగతాది అదే జరుగుతుంది.”

అంటే చేయాల్సింది చిటికెలో పని. భ్రమరాంబ అరుగు మీద కూర్చుని గట్టును ముప్పై అయిదులో కలిపేసింది.

ముప్పై అయిదులోనే ఎందుకు కలిపిందని ఎవరూ అడగలేదు. ఆసుపత్రి ముప్పై నాలుగులో ఉంది. ఎక్కువ ఇళ్లవాళ్లు చెప్పింది కూడా ముప్పై నాలుగే. అటువైపు జ్వరం ఉంది, తూర్పున కూడా నలభై కిలోమీటర్ల దూరాన ఆసుపత్రి ఒకటుంది అని తనకు తను చెప్పుకుంది. నిజం అది కాదు. తూర్పున హైమ ఉంది. గీత గీస్తున్న వేలికి ఆ సంగతి తెలుసు, అందుకే సిగ్గుపడింది. అయినా గీసింది.

గురువారం ఆరింటికి అందరూ చప్టా దగ్గర చేరారు. గంగరాజును కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చారు. మొదట అడుగేసిన నూకరత్నం తూలి పడింది. భ్రమరాంబ ఫోను తెరిచి చూస్తే, ఆరుకి పది నిమిషాల ముందు ‘తూర్పుగట్టు’ అన్న పేరుతో ఎవరో ఆమె దిద్దుబాటును వెనక్కి తిప్పేశారు. కారణం దగ్గర ఆమె మాటలే ఉన్నాయి: ‘ఏ పోస్టుమాను బీటులోనూ లేదు.’

ఆమె మళ్లీ గీసింది. ఆ మనిషి మళ్లీ చెరిపి పాత గీత గీశాడు. శుక్రవారమంతా అదే పని. శనివారానికి పటం చూసే పెద్దలు విసిగిపోయి ఆ గీతకు తాళం వేశారు. ఇద్దరు ఒకే చోట పోట్లాడుకుంటే తాళం వేయడం వాళ్ల పద్ధతి. తెరవాలంటే పోస్టుమాను ఆ నేల మీద నడిచిన దారి నమోదై ఉండాలి, ఆ ప్రాంతం తెలిసిన రెండో మనిషి సరేనని ఒప్పుకోవాలి. దాంతో ఆదివారం నకలు కూడా పాత గీతతోనే వెళ్లింది.

“పోనీ అవతలోడెవడో కనుక్కుని కాళ్లు పట్టుకుందామండీ,” అంది నూకరత్నం. “నేను పట్టుకుంటాను. నాకేం నామోషీ లేదు.”

భ్రమరాంబ తూర్పుగట్టు గీసిన గీతల్ని పెద్దది చేసి ఒక్కొక్కటే చూసింది. ప్రతి గీత చివరా ఒకదాని మీద ఒకటి రెండు చుక్కలున్నాయి. గీత ముగించేటప్పుడు వేలు రెండుసార్లు తట్టే అలవాటున్నవాళ్లకు అలా పడతాయి. పెళ్లయిన కొత్తలో పటం గీయడం నేర్పిస్తూ ఆ అలవాటు మీద ఎన్నిసార్లు విసుక్కుందో ఆమెకే లెక్క తెలియదు.

ఇంటి వెనక్కి వెళ్లి ఫోన్ చేసింది.

“ఏవండీ, తూర్పుగట్టు మీరేనా?”

శేషగిరి బుకాయించలేదు. “నేనే.”

“ఎందుకు?”

“పాపకి ఉబ్బసం, అంబా. పోయినసారి మన వార్డులో ఉబ్బసం ఉన్నవాళ్లకి జ్వరం వస్తే ఎంతమంది మిగిలారో నువ్వే చూశావు. గట్టు మీదివాళ్లు మొన్నటిదాకా ముప్పై నాలుగు జనాన్ని రోజూ దాటించినవాళ్లు. వాళ్లకి గీత తెరిస్తే అందరూ మన వీధిలోంచే పోతారు. నిన్నొక్కదాన్నే రానిచ్చే గీత ఏదైనా ఉంటే చెప్పు, నేనే గీస్తాను.”

“గంగరాజు చచ్చిపోతాడండీ.”

“తెలుసు.”

“నేనూ ఇక్కడే ఉన్నాను.”

“అదీ తెలుసు. నాకు ముద్ద దిగుతోందనుకుంటున్నావా? నువ్వు నా చోట ఉంటే ఏం చేసేదానివో చెప్పు.”

భ్రమరాంబకు ఒళ్లు మండిపోతోంది, కానీ ఆ మనిషి అబద్ధం ఆడడం లేదు. తనూ అదే చేసేదేమో. ఆ ఆలోచనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

“పాపకి తెలుసా?”

“తెలీదు. చెప్పకు.”

*

ముప్పై అయిదు పోస్టుమాస్టరు మాట పూర్తిగా వినకుండానే కుదరదన్నాడు. ముప్పై నాలుగు పోస్టుమాను మస్తాన్‌వలి మాత్రం చివరిదాకా విన్నాడు. యాభై అయిదు దాటిన మనిషి, మరో నాలుగేళ్లలో రిటైరు కావాలి.

“నేను వచ్చి గట్టు మీద నడిస్తే మాది అయిపోద్దంటారు.”

“మీ పోస్టుమాస్టరు గారు బీటు పుస్తకంలో రాయాలి. మీరు ఒక్క ఉత్తరమైనా చేతికివ్వాలి. ఈ చివరనుంచి ఆ చివరకి నడవాలి. కిలోమీటరు. కానీ దాచకుండా చెప్తున్నాను. పెద్దకాలవ మధ్యకి వచ్చేసరికి మీకు తిరుగుడు మొదలవుతుంది. అరగంట మించితే అది పూర్తిగా తగ్గకపోవచ్చని డాక్టరు గారన్నారు. తర్వాత సైకిలు తొక్కలేరేమో.”

“గంగరాజు ఎలా ఉన్నాడు?”

“రాత్రినుంచి మనిషిని పోల్చుకోవడం లేదు.”

“ఇరవయ్యేళ్లు నా బీటు అతను నడిచాడు టీచరుగారూ. జీతం నేను తీసుకున్నాను. ఉత్తరం కూడా ఉందిలెండి. మూడు రోజులనుంచి నా సంచీలోనే ఉంది.”

మంగళవారం మధ్యాహ్నం అతను ఖాకీ చొక్కా వేసుకుని బల్లకట్టు ఎక్కి వెల్లకిలా పడుకున్నాడు. ఎందుకైనా మంచిదని నడుముకి తాడు కట్టుకున్నాడు. ఇవతలి ఒడ్డునుంచి నూకరత్నం మోకు లాగింది. కాలవ సగం దాటేసరికి అతని కాళ్లు కొట్టుకోవడం కనబడింది. గట్టు మీద దించినప్పుడు కళ్లు తెరవడం లేదు. “ఎటు?” అన్నాడు. భ్రమరాంబ అతని ఫోనులో నమోదు మొదలుపెట్టి చొక్కా జేబులో పెట్టింది.

కుడిచేయి ఆమె భుజం మీద, ఎడమచేయి నూకరత్నం భుజం మీద వేసి నడిచాడు. మోయడానికి వీల్లేదు, నడిచింది అతని కాళ్లే కావాలి. మూడో ఇంటి దగ్గర వాంతి అయింది. ఏడో ఇంటి దగ్గర కూర్చుండిపోయి, “నేల ఎక్కడుందమ్మా?” అని అడిగాడు. ఇళ్లలోంచి వచ్చినవాళ్లు మాట్లాడకుండా వెంట నడిచారు. పదో ఇల్లు దాటాక కాళ్లు చెప్పిన మాట వినలేదు. మోకాళ్ల మీద పాకాడు. అరగంట ఎప్పుడో దాటిపోయింది. ఆపేద్దామన్న మాట భ్రమరాంబ నోటిదాకా వచ్చింది. నూకరత్నం ముఖం చూసి ఆ మాట మింగేసింది.

పద్నాలుగో ఇంటి అరుగు మీద గంగరాజు చెయ్యి వెతికి పట్టుకుని, దాంట్లో కవరు పెట్టాడు. భ్రమరాంబ ఫొటో తీసింది. కవరు మీద గంగరాజు పేరు, కాలవగట్టు, చివర ముప్పై నాలుగుతో పిన్‌కోడు అచ్చుగుద్ది ఉన్నాయి. ఆసుపత్రి వాళ్లు రాశారు. డయాలిసిస్‌కు హాజరు కానందుకు వారం లోపల కారణం తెలుపవలెనని ఉంది లోపల.

“వచ్చి సెప్తాంలెండి,” అంది నూకరత్నం. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో ఎవరికీ తెలియలేదు.

*

బుధవారం తెల్లవారుతుండగా భ్రమరాంబ అరుగు మీద ఫోను పట్టుకుని కూర్చుంది. మస్తాన్‌వలి నడిచిన దారి పటం మీద వంకరటింకరగా ఉంది. కింద రుజువులన్నీ జతచేసి ఉన్నాయి. ఇక హద్దు జరపాలి. పెద్దకాలవ మధ్యలో ఉన్న ముప్పై నాలుగు గీతను గట్టు మీదుగా లాక్కొచ్చి మురుక్కాలవ మధ్యలో పెట్టాలి. చప్టా మధ్యగా పోవాలి.

పెట్టిన క్షణంనుంచి తను ముప్పై నాలుగు మనిషి. జ్వరం ఉన్న ఊరి మనిషి. పోయినసారి కట్టడి అయిదు నెలలు ఉంది. ఆ అయిదు నెలల్లో హైమకి ఆయాసం వస్తే మందు పీల్చడానికి గొట్టం ఎవరు పట్టుకుంటారు? ఆమెకు తెలియకుండానే వేలు ఆగిపోయింది. ఖాళీలోనే ఉండిపోతే ఎప్పుడో ఒకప్పుడు తూర్పువైపు తెరుచుకుంటుందేమోనన్న ఆశ ఉంది. గీస్తే ఆ ఆశ కూడా ఉండదు.

లోపల గంగరాజు మూలిగాడు. నూకరత్నం గుమ్మంలో నిలబడి ఆమెనే చూస్తోంది. తొందరపెట్టలేదు. ఆ మనిషికి అంతా అర్థమైంది.

భ్రమరాంబ గీసింది. రెండో మనిషి ఒప్పుకోలు కోసం పంపించింది. పంపిన చోట పేరు శేషగిరి అని రాసింది. ఈ కాలవ ఒడ్డున నడిచి తెలిసినవాడు ప్రజాపటంలో ఇంకెవరూ లేరు.

అయిదు ముప్పావు అయింది. జవాబు లేదు. ఆరుకి పది నిమిషాలుంది. ఆరుకి ఏడు నిమిషాలున్నప్పుడు ఫోను మోగింది. తూర్పుగట్టు పేరుతో కాదు, సొంతపేరుతోనే రాశాడు.

‘సరిచూశాను. సరిగ్గా ఉంది.’

ఆరింటికి నలుగురు కలిసి గంగరాజును బల్లకట్టు ఎక్కించారు. మస్తాన్‌వలిని అతని పక్కనే పడుకోబెట్టారు. సొంత పిన్‌కోడులోనే ఉన్నా అతని కళ్లు ఇంకా గిరగిర తిరుగుతూనే ఉన్నాయి. మోకు కదిలింది. కాలవ మధ్యకి వెళ్లాక నూకరత్నం చెయ్యెత్తి ఊపింది. ఎవరూ పడలేదు.

ఆసుపత్రికి తోడు వెళ్లే మిగిలినవాళ్లను దాటించడానికి బల్లకట్టు తిరిగొచ్చేలోగా భ్రమరాంబ చప్టా దగ్గరికి వెళ్లింది. హైమ అప్పటికే వచ్చి ఉంది, తల కూడా దువ్వుకోలేదు. చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఉంది.

“అమ్మా, గీత మారింది. నేను చూశాను. ఇప్పుడు వచ్చేస్తావా?”

“లేదు నాన్నా. ఇప్పుడు నేను ముప్పై నాలుగు. అటు వెళ్లాలి.”

ఇంట్లో పది రోజులుగా ఏదో జరుగుతోందని ఆ పిల్లకి తెలుసు. తండ్రి ఫోను ఎందుకు దాస్తున్నాడో ఆలోచిస్తూ ఉండి ఉంటుంది.

“ఈ గీత నాన్న గీశాడా?” అని అడిగింది. గొంతులో కోపం ఉంది.

“కాదమ్మా,” అంది భ్రమరాంబ. “నేనే గీశాను.”

హైమ ఫోను కిందికి దించి, సైకిలు స్టాండు తీసి, దాన్ని నడిపించుకుంటూ వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.